వాళ్ళ అంపైరు

బంతి కాలికి తగిలింది. ఫీల్డింగ్‌లో ఉన్న ఆడపిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

అంపైరు వేలు లేవలేదు.

"నాటౌట్. ముందు బ్యాటుకి తగిలింది. చప్పుడు వినిపించింది."

బౌండరీ దగ్గర నిలబడ్డ దర్జీ అక్కకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం చప్పుడండీ? గెలవాలని మీ గుండె కొట్టుకుంటున్న చప్పుడా?"

అతను టోపీ సర్దుకుని తర్వాతి బంతికి సిద్ధమయ్యాడు. బ్యాటు పట్టుకున్న పొడుగమ్మాయి మళ్ళీ గీత దగ్గర నిలబడింది.

దర్జీ అక్క పగలంతా మిషను తొక్కి, సాయంత్రాలు చుట్టుపక్కల వీధుల ఆడపిల్లలను పోగేసి నడుపుకుంటున్న క్లబ్బు ఇది. జెర్సీలు ఆమె కుట్టినవే. ఇన్నాళ్ళూ లారీలు నిలిపే ఖాళీ స్థలంలో ఆడించింది. ఇక అక్కడ కుదరదని యజమాని తేల్చేశాడు. ఇవాళ గెలిచిన క్లబ్బుకు జిల్లా సంఘం ఒక మైదానం, నెట్లు, శిక్షకురాలు ఇస్తుంది. ఓడిన క్లబ్బుకు చప్పట్లు కొడుతుంది. చప్పట్లతో క్లబ్బు నడవదని దర్జీ అక్కకు తెలుసు.

ఇలాంటి పోటీలకు అంపైర్లు పైనుంచి ఊడిపడరు. ఎవరు బ్యాటింగ్ చేస్తుంటే వాళ్ళే తమ మనిషిని నిలబెట్టుకోవాలి. పొద్దున అక్క జట్టు ఆడినప్పుడు ఆమె తమ్ముడు నిలబడ్డాడు. తమ్ముడి వేలు లేవాలంటే ముహూర్తం కుదరాలి. బ్యాటుకి తగిలిన బంతి కీపరు చేతిలో పడ్డా, అతను ఆకాశంలో కొంగల్ని చూస్తూ ఉండిపోయాడు. అక్క నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. మనం చేసిందే వాళ్ళూ చేస్తారు, ఊరుకుంటారా అనుకుంది.

నీళ్ళ విరామంలో ఆమె అందరికీ సీసాలు అందించింది. అవతలి జట్టు పిల్లలకూ ఇచ్చింది. అంపైరు చెయ్యి చాపితే మాత్రం, సీసాని ఆ చేతి ముందునుంచే దాటించింది.

"మీ వాళ్ళు తెచ్చే ఉంటారుగా," అంది.

"పర్లేదమ్మా," అన్నాడతను, చాపిన చేతిని ప్యాంటుకు తుడుచుకుంటూ.

అక్క తన పిల్లల్ని దగ్గరకు పిలిచింది.

"ఇక అరిచి గొంతులు పాడుచేసుకోకండే. ఆయన్ని అడిగినా ఒకటే, ఆ గోడని అడిగినా ఒకటే. వికెట్లు ఎగరగొట్టండి, అంతే."

పిల్లలు బుద్ధిగా తలూపారు. అక్క మాట వాళ్ళకు శాసనం.

పొడుగమ్మాయి ఒంటిచేత్తో ఆటను చివరిదాకా లాక్కొచ్చింది. వాళ్ళ గెలుపుకి రెండు పరుగులు కావాలి. చేతిలో ఒక్క వికెట్టే ఉంది.

మెడలో వేలాడుతున్న కొలతల టేపును అక్క పిడికిట్లో నలిపేస్తోంది.

పొడుగమ్మాయి బంతిని ముందుకు తోసి, అంపైరు ఉన్న వైపుకి పరుగు తీసింది. దూరం నుంచి విసిరిన బంతి నేరుగా వచ్చి స్టంపులకు తగిలింది. బెయిల్స్ ఎగిరిపడ్డాయి. గుప్పున దుమ్ము లేచింది. బ్యాటు గీత దాటిందో లేదో అక్కకు కనబడలేదు.

ఎవరూ అరవలేదు. అక్కే కదా వద్దంది!

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఫీల్డింగ్ జట్టు అడగందే అంపైరు ఔటివ్వకూడదు, కళ్ళారా చూసినా సరే. పోనీ తను అరుద్దామా అంటే, బౌండరీ బయటివాళ్ళు అడిగితే చెల్లదు. అడగండి, అడగండి అని చేతులు ఊపింది. పిల్లలకు అర్థం కాలేదు. వాళ్ళూ తిరిగి చేతులు ఊపారు.

అంపైరు వంగి బెయిల్స్ ఏరాడు. ఒకటి పెట్టాడు. రెండోది పెట్టాడు. అది జారిపడింది.

తీరిగ్గా మళ్ళీ ఏరాడు.

"చూడు, ఆనవాలు లేకుండా చేస్తున్నాడు!" అక్క పళ్ళు నూరింది.

పొడుగమ్మాయి కదలకుండా అతన్నే చూస్తోంది. అతను మాత్రం ఆమె వైపు చూడలేదు.

బెయిల్ మళ్ళీ జారింది.

బౌలింగ్ చేసిన బక్కపిల్ల ఇక ఉండబట్టలేకపోయింది.

"హౌజ్ దట్ సార్?" అంది మెల్లగా.

బెయిల్ ఠక్కున కుదురుకుంది. అతను నిటారుగా నిలబడ్డాడు.

వేలు పైకి లేచింది.

ఆ తర్వాత అంతా కేకలు, గంతులు. జిల్లా సంఘం పెద్దాయన వచ్చి అక్కతో చెయ్యి కలిపి, "మైదానం మీదేనమ్మా," అన్నాడు. అక్క టేపుతోనే కళ్ళు తుడుచుకుంది.

బక్కపిల్ల ఆమె చెవిలో గుసగుసలాడింది.

"అక్కా, ఇందాక ఎల్బీ అడిగామే, అది నిజంగానే బ్యాటుకి తగిలింది. నాకూ వినిపించింది."

"మరి చెప్పి చావవేమే?"

"నువ్వు అరుస్తున్నావుగా!"

పచ్చకామెర్ల కంటికి లోకమంతా పచ్చనే అంటారు. ఆ కామెర్లు పొద్దున తమ్ముణ్ణి చూసి నవ్వినప్పుడే తనకు పట్టుకున్నాయని అక్కకు అర్థమై సిగ్గేసింది. సొంత జట్టు నోటి దగ్గరి ముద్ద లాగేసిన మనిషిని దారి పొడుగునా వాళ్ళు బతకనిస్తారా?

నీళ్ళ సీసా పట్టుకుని గేటు వైపు పరుగెత్తింది. వాళ్ళ వ్యాను అప్పటికే కదులుతోంది.

"ఏమండీ! ఒక్క నిమిషం! నీళ్ళు..."

ఇంజను రొదలో ఆమె మాట కలిసిపోయింది. వెనక కిటికీ పక్కన అతను టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనే పొడుగమ్మాయి, ప్యాడ్లు ఇంకా విప్పలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంటికెళ్ళాక అమ్మకి నువ్వే చెప్పుకో నాన్నా," అంటోంది.