ఇరవై ఐదు లక్షలు

హారిక వేసిన కేకకి లారీలోకి మిర్చి టిక్కీలు ఎత్తుతున్న కూలీలు కూడా పని వదిలేసి పరిగెత్తుకొచ్చారు.

కంప్యూటర్ తెర ఎర్రగా మారిపోయింది. దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, మూడు రోజుల్లో బిట్‌కాయిన్ రూపంలో డబ్బు పంపితే తీస్తాం, పోలీసుల దగ్గరికి వెళితే అన్నీ చెరిపేస్తాం. ఇదీ సారాంశం. కింద పెద్ద అంకె. హారిక సున్నాలు లెక్కపెట్టింది.

"ఇరవై ఐదు లక్షలు సార్!" అని అరిచి, మిగతాది చదవకుండానే వరండాలోకి వచ్చి కూలబడింది.

అది పర్చూరు రోడ్డులో మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీ. లోపల ఇరవై వేల టిక్కీలున్నాయి. చుట్టుపక్కల రైతుల ఏడాది కష్టమంతా ఆ గోతాల్లోనే ఉంది. సరుకు దాచినప్పుడు రైతుకిచ్చే బాండు మీద ఒక నంబరుంటుంది. ఆ నంబరు సరుకు ఏ గదిలో, ఏ అరలో ఉందో చెప్పాల్సింది కంప్యూటరే. ఇప్పుడు అది నోరు మూసుకుంది. ఎవరి కాయలు ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి. గుంటూరు మిర్చి యార్డులో రేటు లేచింది కూడా సరిగ్గా ఆ వారమే.

ఆ కంప్యూటర్ చూసుకునేది హారిక. కరెంటు బిల్లులా కనిపించిన దొంగ మెయిల్ తెరిచింది కూడా తనే.

యజమాని రాధాకృష్ణమూర్తి గదిలోకి వెళ్లి తెర ముందు చాలాసేపు కూర్చున్నారు. ఆయన బయటికొచ్చేసరికి వరండా అంతా రైతులతో నిండిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మాయి చెప్పింది నిజమే. ఇరవై ఐదు లక్షలు."

"ఒక్క బిట్‌కాయిన్ ఎంతుంటదండీ?" అడిగాడు ఆదెయ్య. అందరికన్నా ఎక్కువ సరుకు అతనిదే, అందరికన్నా పెద్ద గొంతు కూడా.

"ఎనభై లక్షలు."

ఆదెయ్య నోరు తెరిచాడు. "మరి దానికి చిల్లర దొరుకుద్దా?"

"ఎకరాన్ని సెంట్లు చేసినట్టు దాన్నీ ముక్కలు చేస్తారు ఆదెయ్యా. మూడో వంతు కొంటే మనకి సరిపోతుంది. టిక్కీకి నూట ఇరవై ఐదు చొప్పున వేసుకోండి. అద్దెలో పది రూపాయలు నేను తగ్గించుకుంటాను. అంతకు మించి నా వల్ల కాదు."

పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారని అందరూ తలూపారు. కోపం మాత్రం ఎవరో ఒకరి మీద తీరాలి కదా. ఆదెయ్య వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్ పేరయ్యా, ఇదంతా నీ కూతురి నిర్వాకమేరా! కంప్యూటర్ వచ్చని ఊరంతా చెప్పుకున్నావుగా, ఇప్పుడు చెప్పు!"

పేరయ్య హారిక తండ్రి. మూడెకరాలు కౌలుకి చేసి, నూట ఇరవై టిక్కీలు అక్కడే దాచుకున్నాడు. తల ఎత్తలేకపోయాడు.

"పిల్లని ఏమీ అనొద్దు" అన్నారు మూర్తిగారు. "ఎవరికైనా జరుగుతుంది. ఉద్యోగంలోంచి కూడా తీయను."

ఆ మాటకి హారిక భోరుమంది.

ఇంటికెళ్లాక తల్లి వెంకటరావమ్మ రోజూలాగే కంచం పెట్టింది. తిట్టినా బాగుండేదనిపించింది హారికకి.

"అందరూ నూట ఇరవై ఐదు ఇస్తే నేను రెండింతలిస్తా" అన్నాడు పేరయ్య. "లేకపోతే రేపు జనం మొహం ఎట్టా చూడను?"

రెండింతలంటే ముప్పై వేలు. ఇంట్లో మూడు వేలు కూడా లేవు. వెంకటరావమ్మ చెవుల దుద్దులు తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"అమ్మేసి రావయ్యా. పిల్ల నలుగురిలో తిరగాలి."

దుద్దులుండాల్సిన చోట చీపురుపుల్లలు గుచ్చుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. హారిక ఆ పూట ముద్ద ముట్టలేదు.

రెండింతల డబ్బు చూసి మూర్తిగారు వద్దంటే వద్దన్నారు. పేరయ్య వినలేదు. బల్ల మీద పెట్టేసి వచ్చాడు.

మూడో రోజు మధ్యాహ్నానికి మొత్తం జమ అయింది. మూర్తిగారు గది తలుపు వేసుకుని డబ్బు పంపారు. గంట గడిచింది. తలుపు తెరుచుకునేసరికి తెర మీద ఎరుపు లేదు, టిక్కీల జాబితా మామూలుగా కనిపిస్తోంది. మనుషులు ఒక్కసారిగా గోల గోల చేశారు. ఆదెయ్య పేరయ్య భుజం మీద చెయ్యేశాడు. పేరయ్య మూర్తిగారి కాళ్లకి దణ్ణం పెట్టబోతే ఆయన మధ్యలోనే పట్టుకుని లేపారు.

"మీరు గాబట్టి నా బిడ్డని కాపాడారండీ."

"పెద్దమాటలెందుకు పేరయ్యా" అన్నారాయన.

సాయంత్రానికి పేరయ్య టిక్కీలు గుంటూరు లారీ ఎక్కాయి. హారికకి మాత్రం మనసు కుదుటపడలేదు. ఇరవై వేల టిక్కీల మీద పడిన దండుగంతా తన చేతి వేలు నొక్కడం వల్లేనని కుమిలిపోతూనే ఉంది.

దొంగలు పోతూ పోతూ ప్రతి ఫోల్డర్లోనూ తమ బెదిరింపు కాపీ ఒకటి వదిలిపెట్టారు. వాటిని ఏరి పారేసే పని హారికకే పడింది.

"ఆ చెత్త చదువుకుంటూ కూర్చోకమ్మా, మళ్లీ ఏడుస్తావు. తీసెయ్" అన్నారు మూర్తిగారు ఇంటికి బయల్దేరుతూ.

ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చింది. ఆఖరిదాన్ని ఎందుకో తెరిచి, ఈసారి చివరిదాకా చదివింది.

ఆ పెద్ద అంకె కింద, తెలియనివాళ్లు పొరబడకూడదని కాబోలు, దొంగలే చిన్న అక్షరాల్లో విడమరిచి రాశారు: పై అంకె సతోషీల్లో ఉంది, పది కోట్ల సతోషీలైతే ఒక బిట్‌కాయిన్, మీరు కట్టాల్సింది మీ డబ్బుల్లో రెండు లక్షల రూపాయలు.