నోరు లేని సీతాకోక

జామచెట్టు దగ్గర దాలమ్మ నవ్వు వినిపించి, రబ్బరు పాల బకెట్టుతో వస్తున్న అప్పడు ఆగిపోయాడు.

పెళ్లాం పక్కన కూర్మయ్య ఉన్నాడు. ఎస్టేటులో గడ్డి కొట్టడానికి కొత్తగా వచ్చిన మనిషి. అతని చేతిలోని కొమ్మ మీద, పిండి చల్లినట్టున్న లావుపాటి ఆకుపచ్చ పురుగు.

"పురుగును సూసి అంత నవ్వేటి?" ఇంటికొచ్చాక అడిగాడు అప్పడు.

"అది పేద్ద సీతాకోక అవుద్దంట మావా."

"సెప్పడానికి ఆడే దొరికినాడా?"

దాలమ్మ పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది.

పురుగు ఆకును చుట్టుకుని గూడు కట్టింది. కూర్మయ్య దాన్ని వాళ్ల చూరుకే వేలాడదీశాడు. చూసిపోవడానికి రోజూ వచ్చేవాడు. అప్పడు ఎదురైతే తల వంచుకుని వెళ్లిపోయేవాడు.

అప్పడికి అన్నం సహించలేదు.

అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టులు, ఎస్టేటు చుట్టూ ముళ్లకంచె.

ఒక ఉదయం అప్పడు గేటు దగ్గరి పోలీసులతో అన్నాడు: "కూర్మయ్య కంచె కాడ అడివోళ్లతో మాటాడినాడు. నాను సూసినాను."

అబద్ధం.

మధ్యాహ్నానికి కూర్మయ్యను లారీ ఎక్కించారు. కొన్నాళ్లకు, ఇండియా ఓడలో పంపేశారని కబురొచ్చింది.

ఆ వారమే గూడు చీలింది. రెండు అరచేతులంత ఎర్రటి శలభం బయటికొచ్చి, ముడతల రెక్కలు మెల్లగా చాపింది. రెక్కల కొసన పాము తల లాంటి మచ్చ.

దాలమ్మ కళ్లు తుడుచుకుంది.

"తేనె ఎట్టు దానికి! నీ సుట్టం కదా," అన్నాడు అప్పడు.

"దీనికి నోరుండదు. పురుగప్పుడు తిన్నదే బలం. గుడ్లెట్టేసి సచ్చిపోద్ది. ఆయనే సెప్పినాడు."

"ఇంకేటి సెప్పినాడు? రోజూ అంత మాటలేటి?"

"నీ మాటలే."

అప్పడు తెల్లబోయాడు.

"జొరం మళ్లీ వస్తందా, కడుపునిండా తింటన్నాడా అని అడిగీవోడు. నువ్వు మొగమాట పడతావని, నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. ఓడెక్కి ఎల్లిపోయినాక ఇంక ఒట్టేటి?"

"నా జొరంతో ఆడికేటి పని?"

"యుద్ధంలో జపానోళ్లు సయాం అడివిలో రైలు దారి ఎయ్యడానికి అట్టుకెల్లినప్పుడు నీకు కలరా వచ్చింది కదా. ఒళ్లు తెలీకుండా శవాల్లో పడున్నావు."

"ఎవుడో మోసుకొచ్చినాడు. మొకం సూడలేదు."

"ఆయనే మావా... తాను మోసినోళ్లలో బతికినోడివి నువ్వొక్కడివేనంట, కళ్లారా సూసుకుందామని ఎతుక్కుంటా వచ్చినాడు."