లాక్కెళ్ళిన కారు

కారు ఉండాల్సిన చోట కారు లేదు. మంచు నున్నగా గీకేసిన రోడ్డు మాత్రం ఉంది.

"లాక్కెళ్ళారు," అంది గిస్లేన్.

ఆమె మొగుడు రెజాన్ ఆ ఖాళీ చోటుకేసి చాలాసేపు చూశాడు. మొహం పాలిపోయింది.

రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున్నే ఇల్లు చేరిన మనిషి. కళ్ళు మూతపడేలోగా గిస్లేన్ లేపి, చేతికి పార ఇచ్చి, మూడో అంతస్తు నుంచి మెలికల ఇనపమెట్ల మీదుగా కిందికి దింపింది. మునిసిపాలిటీ వాళ్ళు మంచు ఎత్తే రాత్రి వీధిలో కారు ఉంచకూడదని మాంట్రియల్‌లో పుట్టిన పిల్లికి కూడా తెలుసు. ఉంచితే లాక్కెళ్ళి ఇంకో వీధిలో పడేస్తారు. వెతుక్కోవడం మన ఖర్మ.

"డ్యూటీకి వెళ్తూ తీస్తానన్నావు."

"మరిచిపోయాను. బస్సు వస్తుంటే ఎక్కేశాను."

"డిక్కీలోంచి దాన్ని పైకి తెస్తానన్నావు."

'అది' అంటే గిస్లేన్ వాయించే అకార్డియన్. వాళ్ళ నాన్నది. మొన్న సాధన నుంచి వస్తూ, మెట్లు జారుతున్నాయని డిక్కీలోనే వదిలేశారు. దాని లోపల సన్నటి రేకులు మైనంతో అతికించి ఉంటాయి. గట్టి చలికి మైనం పగిలి రేకులు రాలిపోతాయి. ఆ తరవాత అది ఉత్త పెట్టె. మధ్యాహ్నం అక్క మురియెల్ యాభయ్యో పెళ్ళిరోజు. అక్క పెళ్ళిలో నాన్న వాయించిన పాటే ఇవాళ గిస్లేన్ వాయించాలి.

"ఎక్కడికి లాగారో ఫోన్ చేసి అడుగుదామా?" అంది గిస్లేన్.

"ఆ లైను కలవదు. పద, బస్సెక్కుదాం. చర్చి వెనక పెట్టి ఉంటారు."

"అంత దూరమా?"

"ఈ చుట్టుపక్కల వీధులన్నీ నిండిపోయి ఉంటాయి."

"జోస్యం ఎప్పుడు నేర్చావు?"

ఫుట్‌పాత్‌లు ఇంకా మంచు కిందే ఉన్నాయి. రోడ్డు మధ్యలోనే నడిచారు. ముందు రెజాన్, అతని అడుగుల్లో అడుగులేస్తూ గిస్లేన్. బస్‌స్టాప్ అంటే మంచుగుట్టలోంచి పొడుచుకొచ్చిన ఒక బోర్డు. ఆ గుట్టెక్కి, కొండమీద వెలసిన దేవుళ్ళలా నిలబడ్డారు. రెండు బస్సులు దర్శనం చేసుకుని ఆగకుండా పోయాయి.

మూడోది ఆగింది. లోపల కాళ్ళ కింద బురదనీళ్ళు, తడిసిన ఉన్ని వాసన. సంచి ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలావిడ రెజాన్ చేతిలో పార చూసి జాలిపడింది.

"మీదీ లాగేశారా?"

"లాగేశారు," అంది గిస్లేన్.

ముసలావిడ పవిత్ర పాత్ర, ప్రసాదప్పెట్టె, పీఠంతో సహా వరసపెట్టి తిట్టింది. ఈ ఊళ్ళో తిట్లన్నీ చర్చి సామాన్ల పేర్లే. "లాగేవాడికి కళ్ళుండవు," అని ముగించింది.

"కళ్ళుంటాయండీ. బుర్రే ఉండదు. ఎదురుగా ఉన్న కారు ఎవరిదో కూడా చూసుకోడు," అంది గిస్లేన్.

"మంచు పడ్డాక అన్నీ తెల్లగుట్టలే కదా," అన్నాడు రెజాన్ మెల్లగా.

"వాడి తరఫున నీకెందుకయ్యా వకాల్తా?" అంది ముసలావిడ.

"మా ఆయనది జాలిగుండె లెండి. ఊరంతా తిట్టినా వాణ్ణి పల్లెత్తు మాటనడు."

"లాగేముందు హారన్ మోగిస్తారుగా, అప్పుడైనా దిగి రాలేకపోయావా, తల్లీ?"

"నాకు నడపడం రాదు. కిటికీ దగ్గరికొచ్చేసరికే లాక్కుపోతున్నాడు."

"మొహం చూశావా?"

"చూశాను. పాపం, చూస్తే మంచివాడిలాగే ఉన్నాడు."

రెజాన్ అద్దం మీద ఆవిరి తుడవసాగాడు. ఎంత తుడిచినా బయట తెలుపే.

"అలాంటివాడితో పెళ్ళాం ఎలా వేగుతుందో!" అంది ముసలావిడ.

"అలవాటైపోయి ఉంటుంది."

ఎత్తు మొదలయ్యేచోట బస్సు ఒకసారి మూలిగింది. చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. "ఇక నా వల్ల కాదు, దిగండి బాబూ," అన్నాడు డ్రైవరు.

దిగారు. చర్చి గోపురం కనిపిస్తూనే ఉంది, దగ్గరికి రావడం లేదు. సగం ఎత్తులో గిస్లేన్ ఆగిపోయింది. మాటల్లో వెటకారం అయిపోయింది.

"రేకులు రాలిపోయి ఉంటే, రెజాన్?"

అతను పార చంకన పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని పైకి లాగాడు.

చర్చి వెనక వీధి పొడుగునా తెల్లటి గుట్టలు. అన్నీ ఒకే అచ్చు. రెజాన్ దేన్నీ తడిమి చూడలేదు. నేరుగా చివరిదాకా నడిచి, పార దించాడు. మంచు రాలి, నీలిరంగు కనిపించింది. వాళ్ళ కారే.

గడ్డకట్టిన డిక్కీని గుద్ది గుద్ది తెరిచాడు. గిస్లేన్ పెట్టెను పసిపిల్లలా ఎత్తుకుని ముందు సీట్లో కూర్చుంది. హీటరు వేసి, కాళ్ళు తిమ్మిరెక్కేదాకా అలాగే ఒళ్ళో పెట్టుకుంది. తరవాత వాద్యం బయటికి తీసి, ఊపిరి బిగబట్టి, మెల్లగా సాగదీసింది.

మీటలన్నీ పలికాయి. అట్టడుగుది ఒక్కటి మాత్రం జలుబు చేసిన గొంతులా గురగురమంది. అది నాన్న కాలం నుంచీ అంతే.

రెజాన్ స్టీరింగ్ మీద తల వాల్చి కళ్ళు మూసుకున్నాడు.

"ఇవాళ రాత్రి కూడా నీకు మన వీధిలోనే డ్యూటీ వేస్తే," అంది గిస్లేన్ అకార్డియన్ పట్టీ బిగిస్తూ, "లాగేముందు నీ బండి హారన్ ఇంకాస్త సేపు మోగించు, నేనే కిందికొచ్చి మన కారు ఏదో చూపిస్తాను."