ఇంకో రెండు గంటలు

ప్రణీత గోంగూర తుంచుతుండగా బెల్లు మోగింది.

నీళ్ల డబ్బా భుజాన మోసుకుంటూ గంగన్న నాలుగో అంతస్తు ఎక్కి వచ్చాడు. ఆ గల్ఫ్ దేశంలో, హూరా పేటలోని ఆ పాత బిల్డింగులో లిఫ్టు పనిచేసిన రోజులు తక్కువ.

"అమ్మా, ఈడికెళ్లి ఆర్మూరుకు ఎన్ని గంటలు?"

ఆమె ఇంట్లోంచే విమానం టికెట్లు బుక్ చేస్తుందని అతనికి తెలుసు.

"హైదరాబాదుకు విమానం నాలుగు గంటలు. అక్కడి నుంచి రోడ్డు ఇంకో నాలుగు. మొత్తం ఎనిమిది."

గంగన్న పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు.

"ఇంకో రెండు కలుపుకుంట."

"రెండెందుకు?"

అతను ఆమె నిండు కడుపు వైపు చూసి, తల దించుకున్నాడు.

"పైలం బిడ్డా," అని మెట్లు దిగిపోయాడు.

పై వారం రాజంపేట అడిగాడు. ఆ పై వారం టెక్కలి.

"వారానికో ఊరు! అసలు నీకెన్ని ఊళ్లయ్యా?"

గంగన్న నవ్వాడు. "ఒక్కటేనమ్మా, కోరుట్ల. మా ఇంటామె చంద్రవ్వ ఆణ్నే ఉంటది."

"మరి ఇవన్నీ ఎవరి ఊళ్లు?"

నవ్వు ఆగిపోయింది. డబ్బా దించి వెళ్లిపోయాడు.

సాయంత్రం భర్త హరికిరణ్‌తో అంది. "పగలంతా ఒక్కదాన్నే ఉంటాను. అతను ఏవేవో అడుగుతాడు, ఎందుకంటే చెప్పడు. నాకు భయంగా ఉందండీ."

హరికిరణ్ నీళ్ల కంపెనీకి ఫోన్ చేశాడు.

మరుసటి వారం నుంచి దేవేందర్ అనే అతను రావడం మొదలుపెట్టాడు.

మూడు నెలలు గడిచాయి. ఆరోజు ప్రణీత పాపను భుజాన వేసుకుని తలుపు తీసింది.

"అక్కా, కోరుట్లకు ఎన్ని గంటలు?"

"గంగన్న ఊరెళ్తున్నాడా? సెలవు దొరికిందా?"

దేవేందర్ పాపను చూశాడు.

"కాన్పయింది గద, ఇగ చెప్పొచ్చు. ఈడ మనోళ్లు ఎవలన్న సచ్చిపోతే, శవం ఎప్పటికి ఇల్లు చేరుతదో గంగన్ననే ఫోన్ చేసి చెప్తుండె. లేకుంటే ఇంటోళ్లు తెల్లారకముందుకెళ్లి వాకిట్లనే కూసుంటరు. ఎయిర్‌పోర్టుల శవాన్ని విడిపించనీకే రెండు గంటలయితది. కడుపుతోని ఉన్నామె ముంగట సావు ముచ్చట తియ్యొద్దనెటోడు."

ప్రణీత పాపను రెండో భుజానికి మార్చుకుంది.

"ఆయన్ని ఎక్కడికి మార్చారు?"

"మీనా సల్మాన్ ఓడరేవుల గోదాముకు. మీ సార్ ఫోన్ చేసినంక. ఎండల మోత పని."

"ఒక్కసారి రమ్మని చెప్పు. నేను తప్పు చేశాను. ఎన్ని గంటలో ఆయనకే చెప్తాను."

దేవేందర్ తల ఎత్తలేదు.

"నాకే చెప్పక్కా. ఇంటికాడ ఎదురుచూస్తుంటరు."

"విమానం నాలుగు... రోడ్డు ఐదు. తొమ్మిది."

దానికి ఇంకో రెండు కలిపి, అరచేతిలో అప్పటికే రాసి ఉన్న 'చంద్రవ్వ' అనే పేరు కింద పదకొండు అని వేసుకుని, దేవేందర్ గడప దాటాడు.