కాస్త కూర్చోండి, మాస్టారూ

అంతరిక్షంలోకి పంపబోయే టెలిస్కోపుకు ఆ గదిలో పరీక్ష. నక్షత్రానికి బదులు చిన్న దీపం. దాని వెలుగు రెండు అద్దాల మీదుగా వచ్చి కలిస్తే తెర మీద నల్లని, తెల్లని చారలు పడతాయి. గదిలో ఎవరు అడుగు వేసినా చారలు వణుకుతాయి. అందుకే రాత్రిపూట కదలకుండా కూర్చుని చూడాలి.

ఇంజినీరమ్మ ఒక్కతే అలాగే కూర్చుంది. అయినా చారలు వణికాయి. ఒకసారి బరువుగా, ఒకసారి తేలిగ్గా. మళ్లీ బరువుగా, తేలిగ్గా.

ఆ నడకను ఆమె ఎక్కడున్నా పోల్చుకోగలదు. మోకాలి నొప్పితో కుంటుతూ, పరీక్ష మధ్యలో లేచి తిరిగే, తనకు ఈ పని నేర్పిన మాస్టారిని ఎన్నిసార్లు కసురుకుందో! ఆయన పోయి నెల దాటింది.

కానీ అలవాటు ఊరుకోనివ్వలేదు.

"ఏంటి మాస్టారూ, కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడు? కాస్త కూర్చోండి, మీకు పుణ్యముంటుంది."

పక్కనున్న ఖాళీ కుర్చీ కిర్రుమంది. చారలు చెక్కినట్టు నిలిచిపోయాయి. అంత చక్కని కొలత ఆ గదిలో ఎన్నడూ రాలేదు.

పని ముగిశాక, "ఇక ఇంటికెళ్తానండీ" అంది మెల్లగా. రోజూ ఆమెను గేటుదాకా దిగబెట్టింది ఆయనే.

ఆమె ఇంకా లేవనే లేదు. చారలు మళ్లీ వణికాయి, బరువుగా, తేలిగ్గా. కాసేపటికి ఆగాయి.

వెనకాల తలుపు గడియ తీసిన చప్పుడైంది.