బొట్టు పెట్టుకున్న జవాబు

“ఎవరిదమ్మా ఆ బాణీ?”

ఫిల్మ్ నగర్‌లో రికార్డింగ్ థియేటర్ మెట్ల మీద కూనిరాగం తీస్తున్న అరుణజ్యోతి తలెత్తింది. గేటు పక్క అరుగు మీద ఓ పెద్దావిడ. నుదుట ఇంత బొట్టు.

“నాదేనండీ. క్రిస్మస్‌కి చర్చిల పాడుదామనుకుంటున్న.”

“అయితే లోపల ఎవరికీ వినిపించకు. నోట్లోనే ఉంచుకో.”

ఆ మాట అని ఆవిడ మొహం తిప్పేసుకుంది.

అరుణజ్యోతిది రహమత్ నగర్. పెద్ద గాయనులు వచ్చేలోపు పాటను నమూనాగా పాడిపెట్టే ట్రాక్ సింగర్. ఎన్ని పాడినా బయటికొచ్చేది ఇంకొకరి గొంతే. సొంతమని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ ఒక్క పాట. తండ్రి పోయిన ఏడు, దుఃఖం ఆపుకోలేక దేవుడి మీద కట్టుకున్నది.

ఆ సంగతి సంగీత దర్శకుడు సాయిశ్రీనివాస్ చెవిన పడనే పడింది.

“భక్తి ఆల్బమ్ చేద్దామమ్మా. బాణీ నీది, గొంతు నీది, పేరూ నీదే” అన్నాడు.

ఎవరికి ఆశ పుట్టదు? అయినా శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మోకరించి అడిగింది. “ప్రభువా, ఇది నీ చిత్తం కాకపోతే నన్ను ఆపు. నాతో మాట్లాడు.”

బైబిల్ వాక్యం తడుతుందనుకుంది, కల వస్తుందనుకుంది. ఏవీ రాలేదు. మర్నాడు రికార్డింగ్‌కి మెట్లెక్కుతుంటే ఆ పెద్దావిడే వచ్చి చెయ్యి పట్టుకుంది.

“వద్దు తల్లీ. వాడు నవ్వుతూనే పట్టుకుపోతాడు. ఇంటికెళ్లిపో.”

“ఆయనంటే మీకేం పగ?”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

సాతాను అడ్డంకి అనుకుంది అరుణజ్యోతి. మంచి పనికి వాడు అడ్డుపడతాడని చిన్నప్పట్నుంచీ వింటున్నదే. బొట్టు పెట్టుకున్న మనిషి నోట దేవుడు మాట్లాడతాడని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు మరి. చెయ్యి విదిలించుకుని లోపలికి వెళ్లింది.

కళ్లు మూసుకుని, తండ్రిని తల్చుకుని పాడింది. సాయిశ్రీనివాస్ కళ్లు తుడుచుకున్నాడు కూడా.

ఆల్బమ్ ఊసు మళ్లీ లేదు. క్రిస్మస్ దగ్గర పడుతుండగా కృష్ణానగర్ దగ్గర ఆటో ఎక్కితే, పక్కనున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడి సెల్‌ఫోన్ మోగింది. ఆమె బాణీ. కింద దరువులు.

“ఏం పాటండీ ఇది?”

“కొత్త ఐటెం సాంగ్. సాయిశ్రీనివాస్ మ్యూజిక్ కొట్టాడండీ. మా ఆఫీసంతా ఇదే రింగ్‌టోన్.”

ఆటో మధ్యలోనే దిగిపోయింది. అయినా మొండికేసింది. లోకం ఏం చేసుకున్నా దేవుడి దగ్గర ఆ పాట తనదే అనుకుని ఆదివారం చర్చిలో ఎత్తుకుంది.

మొదటి చరణం కూడా దాటలేదు. వెనక బెంచీల్లో కుర్రాళ్లు మోచేతులతో పొడుచుకుని కిసుక్కుమన్నారు. పాస్టరుగారు లేచొచ్చి మైకు తీసుకున్నారు.

“అమ్మా, సినిమా పాటను మందిరంలోకి తేవచ్చా? దేవునితో పరాచికాలా?”

నాదే అనబోయింది. ఎవరు నమ్ముతారు? దొంగలా తలొంచుకుని బెంచీలో కూర్చుంది. దేవుడు జవాబు ఇవ్వలేదని ఇన్నాళ్లూ అనుకుంది. ఇచ్చాడు. తనే విదిలించుకుంది.

మర్నాడు ఫిల్మ్ నగర్ వెళితే అరుగు ఖాళీగా ఉంది.

“సారు కలవడమ్మా” అన్నాడు వాచ్‌మన్ జంగయ్య.

“సారు కోసం రాలే. ఈడ కూసునే పెద్దామె ఏది?”

“నీతోని మాట్లాడిందని సారు ఊరికి తోలిండు. ఇగ రానియ్యడంట.”

“నా పాట పోతదని ఆమెకెట్ల తెలుసు?”

జంగయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“సారుకు పేరు తెచ్చిన మొదటి పాట లేదా, గది సారును కన్నంక ఉయ్యాలల ఊపుకుంట ఆమె కట్టుకున్న జోలపాటేనమ్మా.”