సూపర్‌వైజర్ సెట్టు

సోలార్ ప్యానెళ్లు కడగడానికి రోజూ ట్యాంకర్లు వస్తాయి. కాపలావాళ్లకు తాగడానికి మాత్రం బిందెడు నీళ్లివ్వరు. రేపు ట్యాంకర్‌ను గేటు దగ్గరే ఆపేద్దామని సూపర్‌వైజర్ పాపన్న, కాపలాదారు ఓబిలేష్ ప్యానెళ్ల నీడలో కూర్చొని అనుకున్నారు. మూడో మనిషి లేడు.

సాయంత్రం మేనేజర్ పాపన్నను పిలిచి ఆ మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఇంకోసారి ఇట్లాంటివి వింటే ఉద్యోగం ఉండదన్నాడు.

పాపన్న నేరుగా పోయి, అందరి ముందూ ఓబిలేష్‌ను చెంప మీద కొట్టాడు. "నేను చెప్పలేదన్నా, మా నాయన మీద ఒట్టు" అన్నా వినలేదు. ఊర్లో వాళ్లంతా ఓబిలేష్‌తో మాటలు మానేశారు. ఆఖరికి అతను పెళ్లాంబిడ్డలతో బెంగళూరు కూలికి పోయాడు.

మొన్న కాపలావాళ్ల పాత వాకీటాకీలకు ఛానెళ్లు మార్చడానికి అనంతపురం నుంచి మెకానిక్ వచ్చాడు. పాపన్న సెట్టును కంప్యూటర్‌కు తగిలించి చూశాడు.

"అన్నా, దొంగతనంగా వినేది నీ సెట్టులో మాత్రమే పెట్టినారే. ఉంచేదా, తీసేసేదా?"

"అంటే ఏమప్పా?"

"ఆఫీసులో మీట నొక్కితే నీ మైకు దానంతటదే తెరుచుకుంటాది. నీకు చప్పుడు కూడా రాదు. నువ్వు మాట్లాడేదంతా ఆడ వినపడతాది."

పాపన్న బయటికొచ్చి ఓబిలేష్‌కు ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పాడు.

"నువ్వు చెప్పలేదని ఇప్పుడు తెలిసింది ఓబిలేషూ."

"అది నాకు ఎప్పుడో తెలుసు కదన్నా. పోయి ఊర్లో చెప్పు."